ధర్మశాస్త్రం, పాపం: తరచుగా అడిగే ప్రశ్నలు

బైబిలు కొత్తగా తెరిచినవాళ్లకే కాదు, ఏళ్ల తరబడి చర్చికి వెళ్తున్నవాళ్లకు కూడా ఈ విషయంలో సందేహాలు తీరవు. ధర్మశాస్త్రం (మోషే ద్వారా దేవుడు ఇచ్చిన ఆజ్ఞలు) మంచిదంటారు, దానివల్ల ఎవరూ రక్షణ పొందరంటారు. కృప (అర్హత లేకపోయినా దేవుడు చూపే దయ) కింద ఉన్నామంటారు, పది ఆజ్ఞలు పాటించాలంటారు. ఈ మాటలు ఒకదానికొకటి ఎలా పొసుగుతాయి? తరచుగా ఎదురయ్యే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. సంఘాల మధ్య తేడా ఉన్నచోట ఆ తేడా కూడా చెప్పాను.

పాపం అంటే ఆజ్ఞను మీరడమేనా?

అవును. కానీ అక్కడితో ఆగితే సగమే చెప్పినట్టు.

"ఆజ్ఞాతిక్రమమే పాపము" అని యోహాను మొదటి పత్రిక 3:4 సూటిగా చెబుతుంది. దేవుని నిత్యధర్మానికి విరుద్ధమైన మాట గానీ, పని గానీ, కోరిక గానీ పాపమేనని ప్రాచీన సంఘ బోధకుడు అగస్టీను (354–430) అన్నాడు. 1647 నాటి వెస్ట్‌మిన్‌స్టర్ సంక్షిప్త ప్రశ్నోత్తరి (ప్రశ్నలు, జవాబుల రూపంలో ఉన్న ప్రొటెస్టెంటు బోధగ్రంథం) మరో మాట కలిపింది: ఆజ్ఞను మీరడమే కాదు, ఆజ్ఞ కోరినట్టు ఉండకపోవడం కూడా పాపమే.

మిగతా సగం దావీదు రాజు కథలో కనిపిస్తుంది. సమూయేలు రెండో గ్రంథం 11వ అధ్యాయం నెమ్మదిగా చదవండి. సైన్యం యుద్ధానికి వెళ్లింది, రాజు యెరూషలేములోనే ఉండిపోయాడు. సాయంత్రం మిద్దె మీద నడుస్తూ స్నానం చేస్తున్న ఒక స్త్రీని చూశాడు. ఎవరని అడిగితే, "ఊరియా భార్య" అని జవాబు వచ్చింది. అంటే ఆజ్ఞ ఆ జవాబులోనే ఉంది, అది విన్నాకే ఆమెను పిలిపించాడు. ఆమె గర్భవతి అయ్యాక, విషయం కప్పిపుచ్చడానికి ఊరియాను యుద్ధభూమి నుంచి రప్పించి ఇంటికి పొమ్మన్నాడు. తోటి సైనికులు డేరాల్లో ఉండగా తాను ఇంట్లో సుఖపడలేనని ఊరియా వెళ్లలేదు. చివరికి అతన్ని చంపించమని ఉత్తరం రాసి, ఆ ఉత్తరాన్ని అతని చేతికే ఇచ్చి పంపాడు.

పొరుగువాని భార్యను ఆశించకూడదు, వ్యభిచరించకూడదు, నరహత్య చేయకూడదు అనే ఆజ్ఞలు వరసగా కూలిపోయాయి. అయితే నాతాను ప్రవక్త వచ్చి ఆ లెక్క చదవలేదు. "నువ్వు యెహోవా మాటను ఎందుకు తృణీకరించావు?" అని అడిగాడు. ఆజ్ఞ వెనక ఒక వ్యక్తి ఉన్నాడు. ఆజ్ఞను పక్కకు నెట్టడమంటే ఆయన్నే పక్కకు నెట్టడం. 51వ కీర్తనలో దావీదు దేవునితో "నీకు, కేవలం నీకే విరోధంగా పాపం చేశాను" అనడానికి కారణం ఇదే. ఊరియాకు అన్యాయం జరగలేదని కాదు. ఊరియాను సృష్టించినవాడు, అతని ప్రాణానికి ఆజ్ఞను కాపలా పెట్టినవాడు దేవుడు కాబట్టి ఆ అన్యాయం ఆయన దాకా వెళ్లింది.

ధర్మశాస్త్రం అంటే పది ఆజ్ఞలేనా?

కాదు. మోషే గ్రంథాల్లో మొత్తం 613 ఆజ్ఞలున్నాయని యూదుల సంప్రదాయ లెక్క: చేయమన్నవి 248, చేయవద్దన్నవి 365. పది ఆజ్ఞలు వాటికి గుండెకాయ లాంటివి. నిర్గమకాండము 20లోను, ద్వితీయోపదేశకాండము 5లోను రెండుసార్లు వస్తాయి.

ఆ పదింటిని లెక్కపెట్టే పద్ధతి అన్ని సంఘాల్లో ఒకటి కాదు. కతోలికులు, లూథరన్లు విగ్రహాల మాటను మొదటి ఆజ్ఞలోనే కలిపి, ఆశించకూడదనే ఆజ్ఞను రెండుగా విడదీస్తారు. ఆర్థడాక్స్ సంఘాలు, మిగతా ప్రొటెస్టెంట్లలో చాలామంది విగ్రహాలది రెండో ఆజ్ఞగా లెక్కిస్తారు. అందుకే "ఆరో ఆజ్ఞ" అని ఎవరైనా అంటే ముందు ఏ లెక్క ప్రకారమో చూసుకోవాలి. వచనాలు మాత్రం అవే.

మోషేకు ఆజ్ఞలు ఇవ్వకముందు పాపం లేదా?

ఉంది. కయీను హేబెలును చంపినప్పుడు రాతిపలకలు లేవు, అయినా దేవుడు "నీ తమ్ముడు ఎక్కడ?" అని అడిగాడు. సీనాయి కొండ మీద మోషేకు ఆజ్ఞలు ఇవ్వడానికి చాలా తరాల ముందు యోసేపు, యజమాని భార్య బలవంతపెట్టినప్పుడు, దేవునికి విరోధంగా ఇంత పాపం ఎలా చేస్తానన్నాడు. అతనికి ఏ రాతపూర్వకమైన ఆజ్ఞా లేదు.

పౌలు దీనికి జవాబు రోమా పత్రిక 2:14–15లో ఇస్తాడు: ధర్మశాస్త్రం లేని అన్యజనుల (యూదులు కానివాళ్ల) హృదయాల మీద కూడా దాని సారం రాసి ఉంది, వాళ్ల మనస్సాక్షి సాక్ష్యం చెబుతోంది. 13వ శతాబ్దంలో కతోలిక వేదాంతి తోమా అక్వినాసు ఈ ఆలోచనను విస్తరించి, మనిషి తన వివేకంతో గ్రహించగల నైతిక ధర్మం ఒకటి ఉందని, దేవుడు బయలుపరచిన ధర్మశాస్త్రం దాన్ని స్పష్టం చేసి, దాన్ని మించిన గమ్యానికి నడిపిస్తుందని వివరించాడు.

మరి రోమా 5:13లో, ధర్మశాస్త్రం లేనప్పుడు పాపం ఆరోపించబడదని ఉంది కదా? ఆ వెంటనే 14వ వచనం చూడండి: ఆదాము నుంచి మోషే దాకా మరణం ఏలింది. పాపం లేకపోతే మరణం ఏలదు. రాతపూర్వకమైన ఆజ్ఞ వచ్చాక పాపానికి పేరు వచ్చింది, బుకాయించే వీలు పోయింది.

అయితే మనుషుల్లో పాపం పెరగడానికి ధర్మశాస్త్రమే కారణమా?

పౌలుకు కూడా ఈ ప్రశ్న ఎదురైంది. రోమా 7:7లో "ధర్మశాస్త్రం పాపమా?" అని తనే అడిగి, "అట్లనరాదు" అంటాడు. ఉదాహరణకు పది ఆజ్ఞల్లోంచి దొంగతనాన్నో హత్యనో తీసుకోలేదు, ఆశించవద్దనే ఆజ్ఞను తీసుకున్నాడు. ఎందుకో ఆలోచిస్తే చాలా తెలుస్తుంది. మిగతా ఆజ్ఞలను బయటికి పాటించి మంచివాడినని మనిషి తృప్తిపడవచ్చు. ఆశ మాత్రం లోపల జరిగేది. దాన్ని చూడగలిగే సాక్షి లేడు, విచారించగలిగే న్యాయస్థానం లేదు. నిందకు తావులేకుండా బ్రతికానని చెప్పుకున్న పరిసయ్యుడు పౌలును ఆ ఒక్క ఆజ్ఞ పట్టుకుంది.

"వద్దు" అనగానే మనసు అటే లాగుతుంది. తప్పు ఆజ్ఞది కాదు, ఆజ్ఞను చూడగానే తిరగబడే స్వభావానిది. స్కానింగ్‌లో గడ్డ కనిపిస్తే గడ్డను పెట్టింది స్కానింగ్ యంత్రమని ఎవరూ అనరు. అలాగే ఆ యంత్రం కింద రోజూ పడుకున్నా గడ్డ కరగదు. ధర్మశాస్త్రం చేయగలిగింది, చేయలేనిది రెండూ ఇక్కడే ఉన్నాయి. "ధర్మశాస్త్రమువలన పాపమనగా ఎట్టిదో తెలియబడుచున్నది" (రోమా 3:20). తెలియజేస్తుంది, నయం చేయదు.

ఆజ్ఞలన్నీ పాటిస్తే రక్షణ వస్తుందా?

రాదు. ఈ ప్రశ్న దగ్గర నాకు కాస్త ఆగి మాట్లాడాలనిపిస్తుంది. ఎందుకంటే ఎంతోమంది విశ్వాసులు నోటితో "కృప" అంటూనే, మనసులో మార్కుల లెక్క వేసుకుంటూ బతుకుతున్నారు. ఈ వారం బాగానే గడిచింది, దేవుడు నన్ను చేర్చుకుంటాడు. ఈ వారం పడిపోయాను, ప్రార్థించే అర్హత కూడా లేదు. ఈ టెన్షన్ సువార్త ఇచ్చింది కాదు.

నిర్గమకాండంలో సంఘటనల వరస చూడండి. ఇశ్రాయేలీయులు ఐగుప్తు నుంచి బయటపడటం 12వ అధ్యాయంలో, ఎర్ర సముద్రం దాటడం 14లో. పది ఆజ్ఞలు వచ్చింది 20లో. ఆజ్ఞలు పాటిస్తే విడిపిస్తానని దేవుడు బానిసలకు షరతు పెట్టలేదు. ముందు విడిపించాడు. ఆ తర్వాత, "దాసుల గృహం నుంచి నిన్ను రప్పించిన నీ దేవుణ్ని నేనే" అని మొదలుపెట్టి, విడుదలైనవాళ్లు ఎలా బతకాలో చెప్పాడు. మొదటి ఆజ్ఞ కంటే ముందు ఉన్న ఈ ఒక్క వాక్యాన్ని వదిలేసి పది ఆజ్ఞలను పిల్లలచేత బట్టీ పట్టించడం పెద్ద నష్టమని నేను గట్టిగా నమ్ముతాను.

మనిషి తన సొంత సంకల్పబలంతో పాపం లేకుండా బతకగలడన్న పెలగియు బోధను 418లో కార్తేజు సభ తోసిపుచ్చింది. కతోలికులు క్రియల వల్ల రక్షణ అంటారని ప్రొటెస్టెంట్లలో చాలామంది అనుకుంటారు. కానీ 1547లో కతోలికుల త్రెంతు మహాసభ నీతిమత్వంపై చేసిన తీర్మానాల్లో మొట్టమొదటిదే, క్రీస్తు ద్వారా వచ్చే కృప లేకుండా మనిషి తన క్రియలతో దేవుని ముందు నీతిమంతుడు కాగలడనే మాటను ఖండిస్తుంది. లూథరన్లు, కతోలికులు 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఇదే విషయంపై ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు. వాళ్ల మధ్య తేడాలు ఇంకా ఉన్నాయి. అయినా మన యోగ్యత వల్ల కాదు, కృపవల్లనే దేవుడు అంగీకరిస్తాడన్న మాట ఇద్దరిదీ.

కృప కింద ఉన్నాం కదా, ఇంక ఆజ్ఞలతో పనేముంది?

సంఘ చరిత్రలో ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ లేచింది. రెండో శతాబ్దంలో మార్కియోను అనే బోధకుడు పాత నిబంధన దేవుణ్నే వద్దన్నాడు, సంఘం అతన్ని వెలివేసింది. 1530ల చివర, ప్రొటెస్టెంటు సంస్కరణ మొదలుపెట్టిన లూథరుకు శిష్యుడైన యోహాన్ అగ్రికోలా, క్రైస్తవులకు ధర్మశాస్త్రం బోధించనక్కర్లేదని, సువార్తే పశ్చాత్తాపం కలిగిస్తుందని వాదించాడు. విశ్వాసమూలంగానే నీతి అని జీవితమంతా పోరాడిన లూథరే దాన్ని గట్టిగా ఎదిరించాడు. రోగమే తెలియనివాడికి మందు ఎందుకో అర్థం కాదన్నది అతని బాధ.

అదే శతాబ్దపు మరో సంస్కర్త కాల్విను ధర్మశాస్త్రానికి మూడు ఉపయోగాలు చెప్పాడు: పాపాన్ని చూపించి క్రీస్తు దగ్గరికి తరమడం, సమాజంలో చెడును అదుపు చేయడం, విశ్వాసికి దేవుని చిత్తం నేర్పడం. మూడోదే ముఖ్యమన్నాడు. లూథరన్లు మొదటిదాని మీద ఎక్కువ బరువు పెడతారు. అయినా 1577 నాటి వారి విశ్వాస ప్రకటన మూడో ఉపయోగాన్ని ఒప్పుకుంది.

ఈ విషయంలో నాకు ఎక్కువగా నచ్చేది 1563 నాటి హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి అమరిక. అందులో మూడు భాగాలు: మనిషి దుస్థితి, విమోచన, కృతజ్ఞత. "నీ దుస్థితి నీకెలా తెలిసింది?" అనే మూడో ప్రశ్నకు "దేవుని ధర్మశాస్త్రం వల్ల" అని జవాబు. అక్కడ పది ఆజ్ఞల వివరణ రాదు. ప్రేమించమన్న రెండు గొప్ప ఆజ్ఞలు చెప్పి, వీటిని నువ్వు సంపూర్ణంగా పాటించలేవని తేల్చి, విమోచన వైపు నడిపిస్తుంది. పది ఆజ్ఞల వివరణ కృతజ్ఞత అనే మూడో భాగంలో, 92వ ప్రశ్న దగ్గర మొదలవుతుంది. నిర్గమకాండంలో ఉన్న వరస కూడా ఇదే. చివర్లో 114వ ప్రశ్న, విశ్వాసులు వీటిని పూర్తిగా పాటించగలరా అని అడిగి, ఎంత పరిశుద్ధులకైనా ఈ జీవితంలో అది చిన్న ఆరంభమేనని నిజాయితీగా ఒప్పుకుంటుంది.

యేసు వ్యభిచారంలో పట్టుబడ్డ స్త్రీతో అన్న రెండు మాటలు ఏ వరసలో ఉన్నాయో గమనించండి: "నేనును నీకు శిక్ష విధింపను, నీవు వెళ్లి ఇక పాపము చేయకుము" (యోహాను 8:11). ముందు మాట తీసేస్తే భయం మిగులుతుంది. రెండో మాట తీసేస్తే ఆమెను మళ్లీ అదే గోతిలో వదిలేసినట్టవుతుంది.

పంది మాంసం తినవచ్చు, దొంగతనం మాత్రం చేయకూడదా? ఎవరు నిర్ణయించారు?

న్యాయమైన ప్రశ్న. సాధారణంగా చెప్పే జవాబు, మోషే ధర్మశాస్త్రంలో మూడు రకాలున్నాయని: నైతికమైనవి, ఆరాధన ఆచారాలకు సంబంధించినవి, ఇశ్రాయేలు రాజ్యపాలనకు సంబంధించినవి. మొదటివి ఎప్పటికీ నిలుస్తాయి, రెండోవి క్రీస్తులో నెరవేరాయి, మూడోవి ఆ రాజ్యంతో ముగిశాయి. అక్వినాసు, కాల్విను ఇద్దరూ ఈ విభజన వాడారు.

ఇది ఉపయోగపడే విభజనే, కానీ బైబిల్లో ఆజ్ఞల పక్కన ఇలా గుర్తులు పెట్టి లేవు. లేవీయకాండము 19:18 "నిన్నువలె నీ పొరుగువాని ప్రేమింపవలెను" అంటుంది. దాని తర్వాతి వచనమే రెండు రకాల నూలు కలిపి నేసిన బట్ట వేసుకోవద్దంటుంది. అందుకే లేబుళ్ల కంటే కొత్త నిబంధన ఒక్కో ఆజ్ఞను ఏం చేసిందో చూడటం మంచిదని నా అభిప్రాయం. ఆహార నియమాలను యేసు మాటల ఆధారంగా మార్కు 7:19 తీసేసింది. బలులు క్రీస్తు ఒకేసారి అర్పించిన బలితో ముగిశాయని హెబ్రీ పత్రిక అంటుంది. అన్యజనులకు సున్నతి భారం వద్దని అపొస్తలుల కార్యములు 15లో యెరూషలేము సభ తీర్మానించింది. దొంగతనం, వ్యభిచారం, అబద్ధం, దురాశ మాత్రం పత్రికల్లో పాపాలుగానే ఉన్నాయి.

విశ్రాంతిదినం సంగతి?

క్రైస్తవుల్లో ఎక్కువమంది యేసు పునరుత్థానమైన ఆదివారం ఆరాధిస్తారు. సెవెంత్‌డే అడ్వెంటిస్టులు శనివారమే పాటిస్తారు. రోజుల విషయంలో ఒకరికొకరు తీర్పు తీర్చుకోవద్దని రోమా 14 చెబుతోంది. రెండు వైపులవాళ్లూ ఆ అధ్యాయం చదివాక వాదించుకుంటే బాగుంటుంది.

మనసులో వచ్చిన ఆలోచన కూడా పాపమేనా?

మనసులోకి వచ్చిన ప్రతి ఆలోచనా పాపం కాదు. యేసు కూడా శోధించబడ్డాడు, అంటే పాపం చేయమనే ప్రేరేపణ ఆయనకూ ఎదురైంది, అయినా పాపం లేనివాడు (హెబ్రీ 4:15). శోధన వచ్చింది కాబట్టే పాపం చేశానని కుమిలిపోయేవాళ్లు ఈ వచనాన్ని గట్టిగా పట్టుకోవాలి.

అయితే కొండమీద ప్రసంగంలో ఆయన హత్యను కోపం దాకా, వ్యభిచారాన్ని మోహపు చూపు దాకా తీసుకెళ్లాడు. కొత్త చట్టం పెట్టలేదు, పాత ఆజ్ఞ మొదటినుంచీ ఎక్కడిదాకా చూస్తోందో చూపించాడు. తేడా ఎక్కడంటే, ఆలోచన తలుపు తట్టడానికీ, దాన్ని కూర్చోబెట్టి పోషించడానికీ మధ్య. యాకోబు 1:14–15 ప్రకారం దురాశ గర్భం ధరించి పాపాన్ని కంటుంది, పాపం మరణాన్ని కంటుంది. దావీదు విషయంలో మిద్దె మీద చూపు పడటం ఒక ఎత్తు, ఎవరని కబురు పంపడం మరో ఎత్తు.

తెలియక చేసిన తప్పు పాపమవుతుందా?

లేవీయకాండము 4వ అధ్యాయం పొరబాటున చేసిన పాపాలకు కూడా బలి నియమించింది కాబట్టి, అది పూర్తిగా లెక్కలోకి రానిది కాదు. కానీ తెగించి చేసినదానికీ దానికీ తేడా ఉందని సంఖ్యాకాండము 15 స్పష్టంగా చెబుతుంది. యజమాని ఇష్టం తెలిసీ దాన్ని చేయని దాసుడికి ఎక్కువ దెబ్బలు, తెలియనివాడికి తక్కువ అన్నాడు యేసు (లూకా 12:47–48).

అన్ని పాపాలూ సమానమేనా?

ఒక్క ఆజ్ఞ తప్పితే ధర్మశాస్త్రమంతటి విషయంలో అపరాధి అవుతాడని యాకోబు 2:10 అంటుంది. కారణం తర్వాతి వచనంలోనే ఉంది: వ్యభిచరించవద్దన్నవాడే నరహత్య చేయవద్దన్నాడు. అన్ని ఆజ్ఞల వెనకా ఒకే దేవుడున్నాడు. దీని అర్థం ఒక కోపపు మాట, ఒక హత్య ఒకే బరువని కాదు. యేసే ధర్మశాస్త్రంలో న్యాయం, కనికరం, విశ్వాసం ముఖ్యమైనవన్నాడు (మత్తయి 23:23).

కతోలిక సంఘం పాపాలను మరణకరమైనవి, స్వల్పమైనవి అని విడదీస్తుంది. మరణకరం కావాలంటే విషయం తీవ్రమైనదై ఉండాలి, చేసేవాడికి పూర్తిగా తెలిసి ఉండాలి, కావాలని చేసి ఉండాలి. ప్రొటెస్టెంట్లలో చాలామంది ఈ పేర్లు వాడరు, ఏ పాపమైనా దానంతటది మరణానికి తగినదే అంటారు. అయినా కొన్ని పాపాలు మిగతావాటికంటే ఘోరమైనవని వాళ్లూ ఒప్పుకుంటారు.

ఏ తప్పూ చేయకుండా ఊరుకుంటే సరిపోతుందా?

సరిపోదు. మేలు చేయడం తెలిసీ చేయకపోతే అది పాపమని యాకోబు 4:17 అంటుంది. మంచి సమరయుడి కథలో యాజకుడు, లేవీయుడు గాయపడ్డవాణ్ని కొట్టలేదు, పక్కనుంచి వెళ్లిపోయారంతే. లూథరు 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో "నరహత్య చేయవద్దు" అనే ఆజ్ఞకు ఇచ్చిన అర్థం, పొరుగువాడి శరీరానికి హాని చేయకపోవడంతో ఆగదు; అతని అవసరాల్లో సాయం చేయడం దాకా వెళ్తుంది.

ఆదాము చేసిన పాపానికి నేను ఎందుకు బాధ్యుణ్ని?

ఇక్కడ సంఘాలు నిజంగానే వేరువేరుగా మాట్లాడతాయి. ఆదాములో మానవజాతి అంతా అపరాధి అయిందని అగస్టీను బోధ. సంస్కరణోద్యమ సంఘాలు దాన్ని కొనసాగించాయి. జన్మపాపం మనం చేసిన పని కాదు, మనకు సంక్రమించిన స్థితి అని కతోలిక సంఘం వివరిస్తుంది. ఆర్థడాక్స్ సంఘాల ప్రకారం మనకు వచ్చింది ఆదాము నేరం కాదు, మరణం, చెడిపోయిన స్వభావం. తండ్రి దోషాన్ని కొడుకు మోయడన్న యెహెజ్కేలు 18:20ని కూడా పక్కన పెట్టుకుని ఈ చర్చ చదవాలి. ఏ పక్షం తీసుకున్నా ఒకటి మాత్రం అందరూ ఒప్పుకుంటారు: మనిషి పాపం చేయడం ఎవరి దగ్గరా నేర్చుకోనక్కర్లేదు.

ప్రభుత్వ చట్టం మీరడం పాపమా?

మామూలుగా అవును, అధికారులకు లోబడమని రోమా 13 చెబుతోంది. చట్టం దేవుని ఆజ్ఞకు ఎదురు తిరిగితే కాదు. మగపిల్లల్ని చంపమన్న ఫరో ఆజ్ఞను షిఫ్రా, పూయా అనే మంత్రసానులు పాటించలేదు, దేవుడు వాళ్లకు మేలు చేశాడు.

ఒకే పాపంలో మళ్లీ మళ్లీ పడుతున్నాను. నాకు క్షమాపణ ఉందా?

ఉంది. మన పాపాలు ఒప్పుకుంటే ఆయన క్షమిస్తాడని యోహాను రాసింది అవిశ్వాసులకు కాదు, సంఘానికి (1 యోహాను 1:9). ఎన్నిసార్లని అక్కడ లెక్క లేదు. ఏడుసార్లు క్షమిస్తే చాలా అని అడిగిన పేతురుకు, ఏడు డెబ్బైల సార్ల దాకా క్షమించమని యేసు జవాబిచ్చాడు. మనుషుల్ని అలా క్షమించమన్నవాడు తాను అంతకంటే తక్కువ క్షమించడు.

అయితే దాచుకున్న పాపం బలపడుతుంది. "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అని యాకోబు 5:16 అంటుంది. కతోలికులకు, ఆర్థడాక్సులకు గురువు దగ్గర పాపసంకీర్తన (పాపాలు చెప్పి ఒప్పుకోవడం) ఉంది. మిగతావాళ్లు కనీసం నమ్మకస్తుడైన ఒక్క పెద్ద మనిషికైనా చెప్పుకోవాలి. వ్యసనమైతే ప్రార్థనతో పాటు డాక్టరు సాయం తీసుకోవడం విశ్వాసం లేకపోవడం కాదు.

దేవుడు క్షమించాక, నష్టపోయినవాళ్లకు తిరిగి ఇవ్వాల్సిన అవసరం ఏముంది?

లూకా 19లో పన్నులు వసూలు చేసే అధికారి జక్కయ్యను చూడండి. అన్యాయంగా తీసుకున్నది ఒప్పుకుని ఇచ్చేవాడు అసలుతో పాటు ఐదో వంతు కలిపి ఇవ్వాలని సంఖ్యాకాండము 5:7. నాలుగింతలు ఇవ్వాల్సింది దొంగిలించిన గొర్రెను చంపినా అమ్మినా (నిర్గమకాండము 22:1). జక్కయ్య తనకు తానే పెద్ద శిక్షను ఎంచుకుని నాలుగింతలు ఇస్తానన్నాడు. పైగా ఆస్తిలో సగం పేదలకు. యేసు ఇవేవీ అడగలేదు, అతని ఇంట్లో దిగుతానన్నాడంతే. ఆ పిలుపు వచ్చాక చట్టం అడిగినదానికంటే ఎక్కువ అతని చేతిలోంచి వచ్చింది.

కాబట్టి డబ్బు తీసుకుంటే తిరిగి ఇవ్వండి, అబద్ధం చెప్పి ఒకరి పేరు చెడగొడితే విన్నవాళ్ల దగ్గరికి వెళ్లి నిజం చెప్పండి. నష్టపోయినవాడు చనిపోయాడనుకోండి, అతని బంధువుకు ఇవ్వాలి. తీసుకునే బంధువు కూడా లేకపోతే దాన్ని దేవునికి చెల్లించి యాజకుడికి అప్పగించాలని సంఖ్యాకాండము 5:8 చెబుతుంది. అంటే తీసుకునేవాడు లేడు కదా అని ఆ సొమ్ము తప్పు చేసినవాడి దగ్గరే ఉండిపోవడానికి వీల్లేదు.